చూసిందే రాయమన్న మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున్న కుక్కరు పొయ్యి మీద పెడుతుంటే బందరు నుంచి నా ఇంటర్ స్నేహితురాలు ఫోన్ చేసింది. “మన ల్యాబ్ మాస్టారు పోయారే. నిద్రలోనేనట” అంది. స్టవ్ కట్టేసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయాను.

నిజానికి ఆయన మాస్టారు కారు. తొంభైల్లో మేం చదివిన బందరు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. పాఠం చెప్పేది లెక్చరర్లు. బీరువా తాళాలు, మీటర్లు, వైర్లు ఆయనవి. నాగాయలంక వైపు మనిషి. “ఏమ్మా, అన్నాలు తిన్నారా?” అని అడగందే ఎవరి చేతికీ మీటరు ఇచ్చేవారు కాదు. సముద్రపు గాలికి మా ల్యాబులో ప్రతి స్క్రూ తుప్పు పట్టేది. అందుకని ఆయన జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక గరుకు కాగితం ముక్క ఉండేది. వైరు కొస తళతళలాడేదాకా మాచేత రుద్దించేవారు. “తుప్పు కూడా కరెంటుకు అడ్డమేనమ్మా. దాన్నీ కలిపి కొలిచేసి, ఆ తప్పు మీరు కొలిచే తీగచుట్ట, ఆ కాయిల్ మీద నెట్టకండి” అనేవారు.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. పై క్లాసు వాళ్ల రికార్డు పుస్తకం తెచ్చుకుని, రీడింగులతో సహా ఎత్తి రాసుకోవడం. నేను మా అక్క రికార్డు చూసి రాశాను. చిన్నప్పటినుంచీ నాకు పొందిక ఎక్కువ. గళ్లు స్కేలుతో గీసి, అంకెలు ఒకదాని కింద ఒకటి వరుస తప్పకుండా దించాను. లెక్చరర్ గారు మెచ్చుకుని సంతకం పెట్టారు. ల్యాబ్ మాస్టారు ఊరికే చూద్దామని తీసుకున్నారు.

“ఈ రీడింగులు ఎవరివమ్మా?”

“నావేనండీ.”

“ఒకటిన్నర ఆంపియరు వచ్చిందా?”

“వచ్చిందండీ.”

ఆయన బీరువా తెరిచి అమ్మీటరు తెచ్చి నా ముందు పెట్టారు. అందులో అంకెలు అర ఆంపియరుతో అయిపోయాయి. మా అక్క నాటి మీటరు పాడైతే మేం చేరిన ఏడే ఇది తెప్పించారట.

“అయితే ముల్లు గోడ దూకిందన్నమాట” అన్నారు.

పక్కనున్న పిల్లలు పకపకా నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. లెక్చరర్ గారికి చెప్పనూ లేదు. “రేపు మధ్యాహ్నం రామ్మా. నువ్వే చూసి, నువ్వే రాద్దువుగాని” అన్నారంతే.

ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్న లెక్క చాలా చిన్నది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్సు, గుణిస్తే పవరు. “భాగారం ఎవరైనా చేస్తారు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలిగితే చదువుకున్నట్టు” అన్నారాయన.

పెళ్లయి గుడివాడ వచ్చాక ఆ లెక్క నా వెంటే వచ్చింది. సాయంత్రాలు మా వీధిలో కరెంటు నీరసంగా ఉండేది. వెయ్యి వాట్ల రాడ్డు పెట్టినా బకెట్టు నీళ్లు ఎంతకీ కాగకపోతే, రాడ్డు పాడైందని అత్తయ్యగారు పారేయబోయారు. ఫ్రిజ్ స్టెబిలైజరు ముల్లు చూస్తే నూటడెబ్బై దగ్గర ఉంది. రెండువందల ముప్పైకి వెయ్యి వాట్లంటే రెసిస్టెన్సు యాభైమూడు. నూటడెబ్బైకి అదే రాడ్డులో మూడు ఆంపియర్లకు కాస్త పైన. గుణిస్తే అయిదువందల నలభై చిల్లర వాట్లు.

“రాడ్డు మంచిదేనండీ. వోల్టేజి పావువంతు తగ్గితే వేడి సగానికి దగ్గరగా పడిపోతుంది” అన్నాను.

“అబ్బో, నీ కాలేజీ చదువు నీళ్లు కూడా కాస్తుందేం!” అన్నారావిడ. మర్నాడు పొద్దున్న కరెంటు బాగున్నప్పుడు అదే బకెట్టు దాదాపు సగం సేపట్లో పొగలు కక్కింది. ఆవిడ రాడ్డు తుడిచి మేకుకు తగిలించారు.

అయితే మాస్టారికి నేను మనసులో మొక్కుకునేది ఇందుకు కాదు, ప్రాక్టికల్ పరీక్ష రోజు కోసం. “తప్పావంటే ఇక చదువు మాటెత్తకు” అని నాన్న ముందే చెప్పి పంపారు. నాకు, మరో ముగ్గురికి కాయిల్ రెసిస్టెన్సు కనుక్కునే ప్రయోగం వచ్చింది. ఉన్నది ఒకటే కాయిల్, వంతులవారీగా చెయ్యాలి. నాది చివరి వంతు. వైర్లు రుద్ది బిగించాను. ఒకటి పాయింట్ ఆరు వోల్టులు, పావు ఆంపియరు. భాగిస్తే ఆరు పాయింట్ నాలుగు. కాయిల్ చెక్కకు అతికించిన పాత చీటీ మీద అయిదు అని ఉంది. మళ్లీ చూశాను. మళ్లీ ఆరు పాయింట్ నాలుగే.

“అయిదు వేసెయ్యవే. మేం ముగ్గురం అయిదే వేశాం. నీ ఒక్కదానికే తేడా వస్తే తప్పు నీదే అంటారు” అని గుసగుసలాడింది, మొన్న ఫోన్ చేసిన ఈ స్నేహితురాలే.

పెన్సిల్ అంకె మీద రబ్బరు ఆనించాను కూడా. గది చివర ల్యాబ్ మాస్టారు పరీక్షకులకు మంచినీళ్లు ఇస్తున్నారు. నా వైపు చూడనైనా లేదు. గోడ దూకిన ముల్లు గుర్తొచ్చింది. రబ్బరు తీసేశాను.

వేరే ఊరి నుంచి వచ్చిన ఆ పరీక్షకులు నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. “అందరికీ అయిదు. నీకేంటమ్మా ఇలా?”

“నాకు కనిపించింది అదేనండీ.”

పరీక్షకులు లేచి వచ్చి తామే రీడింగు తీశారు. ఆరు పాయింట్ నాలుగు. మిగతా ముగ్గురిచేత ప్రయోగం మళ్లీ చేయించారు. చివరికి అందరం గట్టెక్కాం.

అందరూ వెళ్లాక మాస్టారి దగ్గరికి వెళ్లాను. “తీగ కాలిపోతే పోయిన వారమే కొత్తది చుట్టానమ్మా, కాస్త పొడుగు పడింది. చీటీ పీకడం మర్చిపోయాను. అది నా తప్పు” అన్నారు.

“కొత్తదని ముందే చెప్పొచ్చు కదండీ?”

“చెబితే నలుగురూ ఆరు పాయింట్ నాలుగు వేసేవాళ్లు, చూడకుండానే.”

వేలితో నీటిచుక్క అద్ది ఆ చీటీని గోటితో గీకడం మొదలుపెట్టారు. కొత్త చీటీ మీద అంకె నన్ను రాయమంటారేమోనని పెన్ను మూత తీసి నిలబడ్డాను. ఆయన రాయమనలేదు. చీటీ ఊడిన చోట చెక్క లేత రంగులో నలుచదరంగా బయటపడింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, ఖాళీగానే, వచ్చే ఏటి పిల్లల కోసం బీరువా ముందు వరుసలో పెట్టారు.