లాకు నిండేలోపు పాఠం

తారణ సంవత్సరం, శ్రావణ శుద్ధ దశమి, సాయంత్రం. ఉన్నవారు: మా అమ్మ, కాలువ దిగువ ఊరి నుంచి వచ్చిన మా మామగారు, రాజమండ్రిలో గది తీసుకుని కాలేజీలో ఎఫ్.ఏ. చదువుతున్న ఆయన కొడుకు, తలుపు చాటున నా భార్య, నేను. ఆనాటి డైరీలో రాసుకున్నది ఇంతే. మాటలు మాత్రం గుర్తున్నాయి.

మామగారు వచ్చింది నా చదువు సంగతి తేల్చడానికి. మా ఊరి బడికి నేనొక్కణ్ణే పంతులిని. నాన్నగారు పోయాక ఇల్లు గడిచేది ఆ జీతం మీదే. బడిపంతుళ్ళు కాలేజీకి వెళ్ళకుండానే ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చోవచ్చని తెలిసి, ఇంటి దగ్గరే చదువుతానన్నాను. పుస్తకాలు మాత్రం బావమరిదివే కావాలి. మామగారు కాదంటే నా పరీక్ష అక్కడితో సరి.

"ఉద్యోగం మానేసి మావాడి గదిలో ఉండి చదువుకోండి అల్లుడుగారూ. ఖర్చు నేను చూసుకుంటాను. గురువు మొహం చూడకుండా వచ్చేది చదువేంటండీ?"

"నేను రోజూ చూస్తున్నానుగా నాన్నగారూ. నిద్రొస్తోంది" అన్నాడు బావమరిది.

"నువ్వు నోరుమూసుకో."

"వీడు వెళితే బడికి తాళమే అన్నయ్యగారూ" అంది అమ్మ. "పైగా మామగారి సొమ్ముతో చదివాడని ఊరంతా అంటారు."

తలుపు చాటు నుంచి నవ్వు వినిపించింది. మామగారు నవ్వలేదు.

"లెక్కల్లో అనుమానమొస్తే ఎవర్నడుగుతారు? కాలవనా?"

"ఒక రకంగా అంతేనండి" అన్నాను. వెటకారమనుకున్నారేమో, పుస్తకాల సంగతి తేల్చకుండానే లేచి అరుగు మీదికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే తండ్రీ కొడుకులు రేవులో రాజమండ్రి పడవ ఎక్కారు. నేను గట్టు వెంట నడిచి, పడవల్ని పై కాలువకి ఎత్తే లాకు దగ్గరికి ముందే చేరాను. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసి, పై కాలువ నీళ్ళు వదులుతారు. నీళ్ళతో పాటు పడవ లేచేదాకా ఎవరూ కదలడానికి లేదు. పదిహేను రోజులకోసారి బావమరిది ఆ దారిన వెళ్ళేటప్పుడు, అదే నా కాలేజీ.

గోడ అంచున కూర్చుని, రాతి మీద బొగ్గుతో గీసిన త్రిభుజం చూసుకుంటూ, ఈ రెండు కోణాలు సమానమని ఎలా రుజువు చెయ్యాలని కిందికి కేకేశాను. పడవలోంచి బావమరిది తలెత్తి చెప్పసాగాడు.

"ఈ పడవ రాజమండ్రి వెళ్తదా, బళ్ళోకి వెళ్తదా?" అన్నాడొక ప్రయాణికుడు.

పడవ లేచింది. బావమరిది మొహం నా మొహానికి ఎదురుగా వచ్చింది. నా బొమ్మ మామగారికీ కనిపించింది. ముందు తలుపులు తీయడానికి లాకు మనిషి చెయ్యి వేశాడు.

"కాస్త ఆగవయ్యా" అన్నారు మామగారు, త్రిభుజం వైపు వంగి. "ఇంకా తేలలేదు."

తేలాక, కొడుకు సంచిలోంచి రేఖాగణితం పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు.

"మరి నాకో?" అన్నాడు బావమరిది.

"నీకు గురువుగారి మొహం ఉందిగా" అన్నారు మామగారు. పడవ కదిలింది.