అక్క మంచం కింద తవ్వకం

ఏడో తరగతిలో బడి మానేసిన నాకు భూమి గురించి తెలిసింది ఒకటే: పడితే తగులుతుంది. మా బావ డిగ్రీ చదివాడు. ఆయనకు భూమి లోపలి సంగతులు కూడా తెలుసు.

బయ్యారం దగ్గర అక్కవాళ్ల ఊళ్లో మట్టి ఎర్రన, కిందంతా ఇనుపరాయి. ఆ ఏడాది అక్కకు మూడు నెలలు దగ్గు ఆగలేదు. సాయంత్రమైతే జ్వరం. జాకెట్లు వదులై భుజాల మీంచి జారేవి. మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోదామంటే బావ అడ్డం పడి, తన చేనులో బోరు పాయింట్ పెట్టినాయన్ని పిలిపించాడు. అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయ నీళ్లున్న చోట లేచి నిలబడుతుందట. చేనులో నిలబడింది, నీళ్లూ పడ్డాయి. అప్పటి నుంచి బావకు ఆయన చెప్పిందే మాట.

ఈసారి కాయ అక్క మంచం దగ్గర నిలబడింది.

"కింద ఇనుపరాయి ఉంది. దాంట్లకెల్లి కిరణాలు లేస్తున్నయ్. రక్తంల ఉన్న ఇనుమును గుంజుతున్నయ్. నడుం లోతు తవ్వి రాయి తియ్యిర్రి" అన్నాడాయన.

"బావా, నువ్వు గూడ గీ అర్రలనే పంటవ్ గద! నీ రక్తంల ఇనుము లేదా, ఉత్త నీళ్లేనా?" అన్నాను.

బావ లేచి గడ్డపార వెతకడానికి పోయాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి తలుపులు మూసి లోపల గడ్డపారతో గచ్చు పగలగొట్టి తవ్వుతున్నాడు. తలుపు తోసుకుని పోతే దుమ్ములో ఏమీ కనిపించడం లేదు. ఆ దుమ్ములోనే మూలకు జరిపిన మంచం, మంచం మీద అక్క. రాయి పైకొచ్చేటప్పుడు మనిషి అక్కడే ఉండాలట. గుంజిన ఇనుము తిరిగి ఒంట్లోకి ఎక్కాలట.

"సచ్చిపోతది బావా, బయటికి పంపు!"

"దగ్గరికి రాకురా, నెత్తి పగులుతది!"

గడ్డపార పట్టుకుని గుంజాను. మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. నోరంతా ఉప్పగా అయింది. చేతికందిన గచ్చు పెచ్చుతో ఆయన నుదుటి మీద కొట్టాను. ఇద్దరం గోతిలో పడ్డాం. ఆయన చేతులు నా గొంతు మీద, నా మోకాలు ఆయన కడుపులో. "చూడు బావా, ఎంత ఇనుము కారుతుందో!" అని ఆ దెబ్బల్లోనూ వాగాను. ఇంకోటి పడింది.

మమ్మల్ని ఆపింది అక్క దగ్గు. మంచం పట్టె పట్టుకుని వంగి దగ్గి, కొంగు తీసి చూసుకుంది. నెత్తురు.

"మీ ఇద్దరి పెయ్యిల ఉన్న బలంల సగం నాకుంటే, నేనే నడిచి పోదును గదరా దవాఖానకు!" అంది.

గోడ పట్టుకుంటూ బయటికి పోయి బండి ఎక్కి కూర్చుంది. బావ నడిపాడు. నేను వెనకాల అక్కను పట్టుకుని కూర్చున్నాను. ముగ్గురి మీదా ఎర్ర దుమ్మే.

దవాఖానలో నర్సు ముందు బావ నుదురు చూసింది. "యాక్సిడెంటా అన్నా?"

"వాళ్లకు కుట్లు తర్వాత ఎయ్యి అమ్మా" అంది అక్క. "ముందు నన్ను జూడు. మూడు నెలల సంది నన్నెవలు సూడలే."

టీబీ. మూడు నెలల ముందే వస్తే ఊపిరితిత్తి ఇంత పాడయ్యేది కాదన్నాడు డాక్టరు. మందులు మింగి అక్క బతికింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం సగంలో ఆగి ఊపిరి తీసుకుంటుంది. అప్పుడు బావ నా వైపు చూడడు.