వేడెక్కని బోర్డులు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో నల్లగింజలు ఏరే మిషన్ ఆగిందంటే, దాని పవర్ సప్లై పెట్టె మా ఆయన రాజారత్నం దుకాణానికే వచ్చేది. కోదాడ, సూర్యాపేటల నుంచి కూడా తెచ్చేవాళ్లు. మీటరు ఉన్నా ఆయనకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. పెట్టెను కాసేపు నడిపించి, కరెంటు తీసేసి, లోపలి డయోడ్ మీద వేలు పెట్టేవాడు. ఎంత కాలిందో దాన్ని బట్టి పెట్టె రోగం చెప్పేవాడు.

"నాడి పట్టినట్టే పడ్తడమ్మా మీ ఆయన" అనేవాడు మిల్లు పెంటయ్య. పైకి మూతి తిప్పుకునేదాన్ని గానీ, లోపల ఎంత గర్వమో! ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

తర్వాత కొత్తరకం బోర్డులొచ్చాయి. డయోడ్ ఉండే చోట ట్రాన్సిస్టర్, పక్కనే చిన్న చిప్. ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ట్రాన్సిస్టర్‌కు ఆ చిప్పే చెబుతుందట. అందుకే కరెంటు వేడిగా మారి వృథా పోదట. మా ఆయన మురిసిపోయాడు.

"సూడు సుగుణా, జర గూడ కాల్తలేదు!"

"నీ వేలికి పని తప్పింది పో" అని ఎకసెక్కెమాడాను.

ఆ తర్వాత ఏ బోర్డు ముట్టినా సల్లగుందనేవాడు. అంతా చిప్పు మహిమే అనుకున్నాం. ఆయనకు షుగర్ ఉందని ఇద్దరికీ తెలుసు, బుద్ధి ఉండొద్దూ!

మొన్న వానాకాలం వడ్లు మిల్లులకు దిగేటప్పుడు పెంటయ్య పాతరకం పెట్టె తెచ్చాడు. నేను అన్నం గిన్నెతో అప్పుడే వెళ్లాను. మా ఆయన నడిపించి, కరెంటు తీసి, డయోడ్ మీద వేలు పెట్టాడు.

"సల్లగనే ఉంది పెంటయ్యా, దీనికేం కాలే" అన్నాడు. వేలు తియ్యలేదు. కమురు వాసన కొట్టింది.

"అయ్యో ప్రభువా! చెయ్యి తియ్యవయ్యా!" అని లాగాను. వేలి కొన తెల్లగా ఉబ్బిపోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నొస్తలేదే" అన్నాడు.

షుగర్‌తో వేళ్లలో స్పర్శ పోయిందని, మళ్లీ రావడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. చాన్నాళ్లు ఆయన దుకాణం షట్టర్ ఎత్తలేదు. "ఇగ నాతోని ఏమైతది? దుకాణం తీసేద్దాం" అని మంచంలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. మీటరుతో చెయ్యమంటే వినడు. ఆ పని లేకపోతే ఈ మనిషి నాకు దక్కడని భయమేసింది. తిట్టి, బతిమాలి, పొద్దున్నే దుకాణానికి లాక్కుపోయాను.

పెంటయ్య పెట్టె అట్లాగే ఉంది. నడిపించాడు. కరెంటు తీశాడు. ఇన్నేళ్లు నన్ను బల్ల దగ్గరికి రానియ్యని మనిషి, "గీడ నువ్వు ముట్టు. తగిలిచ్చి తీసెయ్యాలె" అన్నాడు.

ముట్టాను. చుర్రుమంది.

ఆయన నా మొహమే చూస్తున్నాడు. "ఎట్ల కాలింది? పాలగిన్నె లెక్కనా, పెనం లెక్కనా?"

"పెనమే!"

"అయితే డయోడ్ పోయింది" అని, నా వేలు పట్టుకుని ఊదాడు. నాకు హాయిగా ఉంది. నా చెయ్యి పట్టుకున్నట్టు ఆయనకు తెలుస్తోందో లేదో అడగడానికి నోరు రాలేదు.