చూపొచ్చిన తాత

కామాటిపురలో మా చాల్‌లో, అంటే ఇరుకు గదుల వరసలున్న మేడలో, క్రైస్తవ కీర్తనలు కట్టే గుడ్డి తాత ఉండేవాడు. మెట్ల దగ్గరికి రాగానే చెయ్యి చాచి "మెట్టుందా బిడ్డా?" అనేవాడు. ఎవరో ఒకరం పట్టుకునేవాళ్లం.

ఒక స్వస్థత కూటంలో, ఊరి నుంచి వచ్చిన బోధకుడు ఆయన కళ్లకు నూనె రాసి, వేళ్లు చూపించి "ఎన్ని?" అన్నాడు. వచ్చిన మనిషి పరువు పోకూడదని తాత నోటికొచ్చినట్టు "రెండు" అన్నాడు. అవి రెండే. హల్లెలూయాలతో చాల్ అదిరింది.

ఆ తర్వాత తాత చెయ్యి చాస్తే సంఘపెద్ద కసిరేవాడు. "సూపొచ్చినోనికి చెయ్యెందుకు? దేవుణ్ణి అబద్ధం జేస్తవా?" ఇక ఎవరూ పట్టుకోలేదు.

ఒకరోజు తాత వానకు తడిసిన మెట్ల మీంచి పడి చనిపోయాడు. సమాధి దగ్గర అందరూ ఆయన కీర్తనే పాడారు: "మెట్టుమెట్టుకూ నా చెయ్యి వదలకు ప్రభువా." పాట అయ్యాక, బురద జారుతోందని సంఘపెద్దకు ఇద్దరు చెయ్యి అందించారు.