నిరోష కట్టిన తొలి ఇంజిన్

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లకు ఓపిక ఉండాలంటారు. నాకు లేదు. ఉంటే మా గోడ పక్కనున్న హాషం గారి షెడ్డుతో ఇన్నేళ్లుగా ఇన్ని గొడవలు జరిగేవి కావు. మా పిల్లలు గదుల్లో తలుపులు బిగించుకుని ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఇస్తుంటారు. అవతలివాడు "మీ గురించి చెప్పండి" అని అడిగీ అడగకముందే గోడ వెనక ఓ కారు ఇంజిన్ గొంతు చించుకుంటుంది. వెంటనే నేను చెప్పులేసుకుని వెళ్లి నాలుగు మాటలు అరిచి వస్తాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే ఆ సందులో ఇంజిన్ల గొంతూ, ఈ జానకీదేవి గొంతూ అందరికీ అలవాటైపోయాయి.

నిరోషను మొదటిసారి చూసింది కూడా అలా ఒంటికాలి మీద లేచి వెళ్లినప్పుడే. కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనబడుతున్నాయి. "బయటికి రావయ్యా, నీ సంగతి చూస్తాను" అన్నాను. వచ్చింది ఆడపిల్ల. కాళ్లకు వెండి పట్టీలు, బుగ్గ మీద నల్లటి మరక, చేతిలో పానా.

"జర ఆగుండ్రి ఆంటీ, గిది బంద్ చేస్తే మళ్ల స్టార్ట్ అయితదో లేదో" అంది నవ్వుతూ.

తిట్టాలని తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇంటికొచ్చాక గుర్తొచ్చి మళ్లీ కోపం వచ్చిందనుకోండి, అది వేరే విషయం.

వాళ్లది సిరిసిల్ల. నాయన సిద్ధిరాములు మగ్గం వదిలేసి వచ్చి ఇక్కడ టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. మా హాస్టల్ పిల్లల చుడీదార్లు కొలత తగ్గించేదీ, మళ్లీ పెంచేదీ ఆయనే. కూతుర్ని మెకానికల్ డిప్లొమా చదివించి, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించాడు. ఇక్కడ పిల్లలు పుడితే చేయించేది అదే కదా. ఈ పిల్ల క్లాసుకు బయల్దేరడం, దారిలో హాషం గారి షెడ్డు గేటు దగ్గర ఆగిపోవడం. రోజూ అదే వరస. చివరికి ఆ పెద్దమనిషికే విసుగొచ్చి, "బేటీ, దారికి అడ్డం నిలబడకు, లోపలికొచ్చి గీ పానా పట్టు" అన్నాడట. అప్పుడు పట్టిన పానా ఇంతవరకు కింద పెట్టలేదు.

సిద్ధిరాములు కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు. ఆయన నోరు మూయించింది నిరోష నాయనమ్మ బుచ్చవ్వ. "గుంత మగ్గం మీద కాళ్లు చేతులు ఆడిచ్చినోళ్లం మనం. పోరి మిషిని పని చేస్తే నీకేం పోయింది రా?" అందట. ఆ ముసలావిడ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు.

హాషం గారి పని మామూలు రిపేర్లు కాదు. మామూలు కారును తెచ్చి రేసు కారుగా మార్చుకోవాలనే పిచ్చి ఉన్నవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల ఇంజిన్లు పూర్తిగా విప్పి, లోపల గట్టి పిస్టన్లు, పెద్ద టర్బో పెట్టి, మళ్లీ కడతాడు. ఆయనకో ఇనుప కుర్చీ ఉంది. కొత్తగా కట్టిన ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు ఆ కుర్చీ ఇంజిన్ ఎదురుగా వేసుకుని కూర్చుంటాడు. పక్కన చాయ్ ఉంటుంది, కానీ చప్పుడు సరిగ్గా ఉందని తేలేదాకా ముట్టుకోడు. మిగతా రోజుల్లో కూడా కుర్చీ అటు వైపే. నిరోష ఓసారి ఉండబట్టలేక అడిగింది.

"ఉస్తాద్, నువ్వెప్పుడన్న గల్లీ దిక్కు తిరిగి కూసుంటవా? పోయేటోళ్లు వచ్చేటోళ్లు కనవడుతరు."

"నీ ఇంజిన్ ఏమైతదో అని నాకు ఫికర్ లేనినాడు కూర్చుంట" అన్నాడాయన.

ఆయన నవ్వుతూ అన్నాడు కానీ నిరోష నవ్వలేదు. ఆ మాట ఆ పిల్ల మనసులో ఎంత గట్టిగా నాటుకుపోయిందో నాకు తెలుసు. మా వంటింటి గట్టు మీద కూర్చుని ఇడ్లీలు తింటూ ఎన్నోసార్లు అదే మాట చెప్పేది.

మొన్న వానాకాలంలో అభిలాష్ అనే కుర్రాడు తన కారు తెచ్చాడు. మెత్తని మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊరి బయట పాత విమానాల రన్‌వే మీద ఆదివారం రేసు ఉందట, అందులో నడపాలట. హాషం గారు నిరోషను పిలిచి, "ఇది మొత్తం నువ్వే కట్టు. నేను చెయ్యి పెట్టను" అన్నాడు.

ఆ తర్వాత ఆ పిల్లకు తిండి ధ్యాస లేదు. ఒక్కో ముక్కనూ కొలిచి, తుడిచి, మళ్లీ కొలిచేది. కొత్త బేరింగులకు నూనె రాస్తుంటే చంటిపిల్లకు రాస్తున్నట్టే ఉండేది. ఇంజిన్ కారులోకి ఎక్కింది. స్టార్ట్ చేసేది గురువారం పొద్దున. ఆ పూట ఏ ఇంటర్వ్యూ పెట్టుకోవద్దని మా పిల్లలకు నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో అడగకండి.

గురువారం బుచ్చవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చింది. బానెట్ ఎత్తిన కారు చుట్టూ తిరుగుతూ పసుపు కుంకుమలు పెట్టింది. "దీని కడుపు యాడుంటదే?" అని అడుగుతోంది. నిరోష వైర్ల మధ్య తల దూర్చి ఉంది. "గా గేర్‌బాక్సు దగ్గర అవ్వా, గాడ నుంచే చక్రాలకు బలం పోతది" అని తల ఎత్తకుండానే జవాబిచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. హాషం గారు ఓ పక్కన నిలబడి తనకొచ్చిన దువా చదువుకున్నాడు. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ వచ్చింది.

అభిలాష్ తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్క దెబ్బకే అందుకుంది. నేను చప్పట్లు కొట్టబోయాను.

టక్. టక్. టక్. టక్.

ఇంజిన్ గర్జన అడుగున ఎవరో చెక్క సుత్తితో కొడుతున్నట్టు. అభిలాష్ కాలు నొక్కితే టకటకలు కూడా వేగం పెంచుకున్నాయి. "బంద్ చెయ్! బంద్ చెయ్!" అని నిరోష అరిచింది. అభిలాష్ గబుక్కున తాళం వెనక్కి తిప్పాడు.

పిస్టన్‌ను పట్టుకుని తిప్పే కడ్డీ ఒకటుంటుందట. దాని బేరింగు పోతే అచ్చం ఇలాగే కొట్టుకుంటుందట. అదే అయితే ఇంజిన్ మొత్తం విప్పాలి. ఆదివారం పోయినట్టే. ఆదివారం పోతే పోయింది. విప్పడమంటే నిరోష చెయ్యి తప్పినట్టు. 

"నేనే ఎక్కడో తప్పు బిగించిన ఉస్తాద్. ఇప్పుడే విప్పుత" అంది. 

హాషం గారు కుర్చీలోంచి కదల్లేదు. చాయ్ కూడా అలాగే ఉంది. "విప్పుడు ఎవ్వరికైన వస్తది బేటీ. ముందు అడుగు దాన్ని. ఏం చెప్తదో విను" అన్నాడు.

నిరోష కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న చేతికి గ్రీజు ఉందని మర్చిపోయింది, దాంతో కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టయింది. ఎవరికీ నవ్వు రాలేదు.

ముందు ఆయిల్ దించింది. నాయన షాపు నుంచి తెల్లటి లైనింగు గుడ్డ తెప్పించి, ఆయిలంతా అందులోంచి వడపోసింది. బేరింగు అరిగితే గుడ్డ మీద లోహపు పొడి మెరుపు కనబడాలట. గుడ్డను ఎండలోకి తీసుకెళ్లి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. మెరుపు లేదు. ఫిల్టరు కోసి చూసింది. అందులోనూ లేదు. కొత్త ఆయిల్ పోసి మళ్లీ కాసేపు స్టార్ట్ చేయించింది. మీటరులో ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంది. టక్ టక్ మాత్రం అలాగే ఉంది.

తర్వాత ఒక్కో సిలిండర్‌కూ కరెంటు పీకుతూ వచ్చింది. ఏ కడ్డీ కొట్టుకుంటుంటే దాని సిలిండర్ ఆపగానే చప్పుడు తగ్గాలి. మొదటిది పీకింది. తగ్గలేదు. రెండోది, మూడోది పీకినా తగ్గలేదు. నాలుగోది పీకేటప్పుడు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. తగ్గమని పెట్టాలో వద్దని పెట్టాలో తెలియక ఊరికే పెట్టాను. అదీ తగ్గలేదు.

నిరోష నిటారుగా నిలబడింది. అంతసేపట్లో మొదటిసారి ముఖంలోకి కాస్త రంగొచ్చింది. "ఉస్తాద్, లోపల ఎవ్వలు తప్పు చెయ్యలే. చప్పుడు బయట దిక్కుది" అంది. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, మొన ఇంజిన్ మీద పెట్టి, ముందు నుంచి వెనక్కి వింటూ పోయింది. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ తిరిగే చోట ఆగింది. "ఈడ! మస్తు గట్టిగ వినవడుతుంది!"

"క్లచ్ విరిగిందా?" అన్నాడు అభిలాష్ పాపం.

"ఏమో భాయ్. కొత్తదే కదా ఏసిన."

వాళ్లు క్లచ్ గురించి వాదించుకుంటుంటే నాకు ఇంకేదో అనిపిస్తోంది. ఇంత గ్రీజు, పెట్రోలు కంపులోనూ నా ముక్కుకు మా వంటిల్లు తగులుతోంది.

"ఏంటి, ఇక్కడెవరైనా పసుపు దంచుతున్నారా?" అన్నాను.

అభిలాష్ నన్ను జాలిగా చూశాడు. నిరోష "పూజ పసుపు ఆంటీ, బానెట్ మీద వేడెక్కింది" అంది.

నాకు ఒళ్లు మండింది. "బానెట్ మీదిది డబ్బాలో పసుపు. వాసనే ఉండదు. ఇది కొమ్ము పసుపు, అప్పుడే రోట్లో వేసినట్టు ఘాటుగా వస్తోంది. హాస్టల్లో ఇంతమందికి వండిపెడుతున్నాను, ఆ మాత్రం తెలియదా నాకు? ఇంజిన్ సంగతి నువ్వు చెప్పు, పసుపు సంగతి నేను చెబుతాను!"

నిరోష వంగి గేర్‌బాక్సు కింద వేలు పెట్టి రాసింది. వేలు పచ్చగా ఉంది. వాసన చూసింది. పైన క్లచ్ గూటి కన్నానికి చిన్న రబ్బరు మూత ఒకటి ఉంది, అది వంకరగా ఉంది. దాన్ని చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నాయనమ్మను చూసింది.

"అవ్వా."

"ఏంది బిడ్డా?"

"నువ్వు గిండ్ల ఏమన్న వెట్టినవా?"

"పెట్టిన గద!" అంది బుచ్చవ్వ గర్వంగా. "పసుపుకొమ్ము. కడుపు గీడనే అన్నవు గద. మా ఇంట్ల కొత్త మగ్గం దింపితె గుంతల పసుపుకొమ్ము పెట్టకుంట నేసే నాడె పట్టలే ఎవ్వలు. నీ తొలి మిషినికి పెట్టకుంట ఉంటనా?"

 ముందు నవ్వింది హాషం గారు. కుర్చీ ఊగిపోయేలా నవ్వాడు. "అమ్మా, పసుపు ఒక్కటేనా? ఉప్పు, కారం సుత ఏసినవా?"

నిరోష పాత టైరు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. అభిలాష్ సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే, రబ్బరు మూత తీసి వంకీ తీగతో గాలించారు. అరిగి సగమైన పసుపుకొమ్ము బయటికి వచ్చింది. క్లచ్ చుట్టు తిరిగిన ప్రతిసారీ పాపం దాని నెత్తిన మొట్టుతూ వచ్చింది. నవ్వాగాక బుచ్చవ్వ బెంగగా అడిగింది, "పాడైందా బిడ్డా? నేను పాడు చేసిన్నా?"

"ఏం పాడు కాలే అవ్వా. పసుపే అరిగింది, ఇనుము అరగలే" అని నిరోష ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టింది. పట్టుచీరకు గ్రీజంటింది. ముసలావిడ అదేం పట్టించుకోలేదు.

గాలి కొట్టి లోపలంతా శుభ్రం చేసింది. అద్దంతో క్లచ్ పళ్లు ఒక్కొక్కటీ చూసుకుంది. మూత గట్టిగా బిగించింది. బుచ్చవ్వ కొంగుముడిలోంచి ఇంకో పసుపుకొమ్ము తీసి, "మరి దీన్నేడ పెట్టాలె?" అంది. నిరోష దాన్ని రెండు చేతులతో అందుకుని, దారం కట్టి, లోపల అద్దానికి వేలాడదీసింది.

"ఇప్పుడు తిప్పు భాయ్" అంది అభిలాష్‌తో.

ఇంజిన్ అందుకుంది. ఈసారి అడుగున ఏ సుత్తీ లేదు. గుండ్రంగా, లోతుగా, ఒకే ధారలా సాగిపోయింది ఆ చప్పుడు. మా గోడ మీంచి హాస్టల్ పిల్లలు తొంగి చూసి ఈలలు వేశారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఇన్నేళ్లలో నేను ఆ షెడ్డులో అరవకుండా నిలబడింది ఆ ఒక్కసారే. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు పులకరించింది.

నిరోష స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా విన్నది. అప్పుడు ఆనందం పట్టలేక, "ఉస్తాద్, జర విను!" అని వెనక్కి తిరిగింది.

హాషం గారు ఎదురుగా లేడు. కుర్చీ గేటు దగ్గరికి పోయింది. ఇంజిన్‌కు వీపు పెట్టి, గల్లీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడాయన. బిస్కెట్ ముంచుకుని, చల్లారిన చాయ్‌ని ఇష్టంగా తాగుతూ, పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూస్తున్నాడు.