మొక్కజొన్నకు అందిన దొంగ కబురు

చెరకు ఫ్యాక్టరీ మూతపడ్డాక వచ్చిన మూడో వానాకాలం అది. బోధన్‌లో నాకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి గల్లా దగ్గర కూర్చున్న ఆడదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే. నాకు తెలియనిదేముందన్న పొగరు కొంచెం ఉండేది. ఆ పొగరు దిగింది పోశెట్టన్న వల్ల.

పోశెట్టన్న ఇరవై ఏళ్లు చెరకే వేసిన రైతు. ఫ్యాక్టరీ లేకపోయేసరికి చెరకు తీసేసి, ఆ ఏడాదే మొదటిసారి ఉన్న మూడెకరాల్లో మొక్కజొన్న వేశాడు. విత్తనం నా దగ్గరే కొన్నాడు. ఒక ఉదయం దుకాణం నిండా జనం ఉండగా, వేళ్లతో సహా పీకిన రెండు మొక్కలు తెచ్చి నా ముందు పడేశాడు. ఆకులు విచ్చుకోకుండా ఉల్లికాడల్లా గొట్టాలై చుట్టుకున్నాయి. కాండం అడుగున వంకర తిరిగింది.

“నకిలీ ఇత్తనం అంటగట్టినవ్ గద చెల్లె. రేపు పొద్దుగాల ట్రాక్టర్ పెట్టి దున్నిపిస్తున్న,” అన్నాడు.

ఆ ఇంటికి ఆ సీజన్‌లో వేరే పంట లేదు. దున్నేస్తే మళ్లీ విత్తడానికి అదను కూడా దాటిపోయింది.

ఒకే బ్యాచ్‌గా వచ్చిన విత్తనాన్ని మేం లాట్ అంటాం. అదే లాట్ మాక్లూర్ వైపు రైతులు కూడా తీసుకెళ్లారు, వాళ్ల చేలు నిక్షేపంగా ఉన్నాయి. అందుకే చేనుకు ఏం కొట్టావని అడిగాను. వారం కింద నేనిచ్చిన గడ్డి మందే కొట్టానన్నాడు. తప్పెక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది.

మా చెరకు ప్రాంతంలో మందు పేరు చెప్పి అడిగేవాళ్లు తక్కువ. “ఎప్పటిదే ఇయ్యి” అంటారు. మేమూ మనిషి ముఖం చూసి తీసి ఇస్తాం. పోశెట్టన్నను చూస్తే నాకు చెరకే గుర్తొచ్చేది. వెడల్పాకు కలుపును చంపే టూ-ఫోర్-డీ ఇచ్చి పంపాను. మొక్కజొన్నలోనూ దాన్ని వాడతారు, కానీ తక్కువ మోతాదులో, పైరు మోకాలెత్తు దాటకముందే. ఆయన చెరకు లెక్కన కలిపి, నడుమెత్తు పైరు సుడుల్లో, అంటే కొత్త ఆకులు పుట్టే మొవ్వుల్లో, పడేలా కొట్టాడు.

నోరు మూసుకుంటే నాకేం కాదు. విత్తన కంపెనీ మనిషి వస్తాడు, శాంపిల్ అంటాడు, నెలలు గడిచిపోతాయి. జనం కంపెనీనే తిడతారు. ఒక్క నిమిషం నేను అలాగే ఆలోచించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“అన్నా, ఇత్తనం మంచిదే. మందుతోని అయింది గిది. ఏ పంటకని అడగకుండ ఇచ్చిన. తప్పు నాది,” అన్నాను.

ఆయన నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూలబడి, మందుకు కలుపు చావాలి గానీ పైరు ఇట్లెందుకు తిరిగిందని అడిగాడు.

కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. మొక్కకు ఎదగమని కబురు చెప్పే హార్మోన్ పేరు ఆక్సిన్. కణంలో ఆ కబురు అందుకునే ప్రొటీన్‌ను రిసెప్టర్ అంటారు. ఎదుగుదల జన్యువులను అణచిపెట్టే కావలి ప్రొటీన్ మరొకటి ఉంటుంది, దాన్ని రిప్రెసర్ అంటారు. ఆక్సిన్ వచ్చి రిసెప్టర్‌లో కూర్చోగానే కణం ఆ కావలిని ముక్కలు చేస్తుంది, జన్యువులు పని మొదలుపెడతాయి. టూ-ఫోర్-డీ ఆక్సిన్ వేషంలో వస్తుంది. అసలు ఆక్సిన్ పనయ్యాక తగ్గిపోతుంది, ఇది తగ్గదు. లేత మొక్కజొన్న దాని విషం విరిచేసుకుంటుంది. జోరుగా ఎదిగే మొక్కకు, అంత మోతాదు మీద పడితే, ఆ పని చేసుకునే వ్యవధి దొరకదు.

ఆయన ముఖం చూస్తే అర్థం కాలేదనిపించి, నిజాంసాగర్ కాలువ మాటల్లో మళ్లీ చెప్పాను. “తూము ఎత్తుమని దొంగ కబురొచ్చింది అనుకో అన్నా. నీళ్లిడిసే నీరటి ఎత్తిండు. దించుమని చెప్పేటోడు లేడు. గట్లనే మొక్క ఆపు లేకుంట పెరిగి వంకర తిరిగింది.”

“మరి సస్తదా?”

“సావది. జర పెళుసుగ ఉంటది. పది దినాలు చేన్ల ఎవ్వరు అడుగు పెట్టొద్దు, మట్టి ఎగదొయ్యొద్దు. దున్నకు అన్నా.”

ఆయన ఫోన్ తీసి ట్రాక్టర్ వద్దన్నాడు.

రోజు విడిచి రోజు వెళ్లి గట్టు మీద నిలబడేదాన్ని. ఆరో రోజు గాలివానకు కాలువ వైపు సాళ్లు పెళపెళ విరిగిపోయాయి. ఇంటికొచ్చి ఏడ్చాను. పదో రోజుకు మిగతా చేనులో కొత్త ఆకులు విచ్చుకుని నిటారుగా లేచాయి.

అప్పటినుంచి ఏ పంట, ఎంత ఎత్తు అని అడగకుండా డబ్బా బయటికి తీయను. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరని రైతులు నవ్వుతారు. నవ్వనీ.

ఆ ఏడు కొన్ని కంకులు గింజ పట్టలేదు, దిగుబడి తగ్గింది, అయినా ఇల్లు గడిచింది. కల్లంలో కంకులు ఆరబోస్తున్న ఆయన భార్య లక్ష్మక్క దగ్గరికి వెళ్లి, తప్పయిందని మళ్లీ చెప్పాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

“ఆనాడు నువ్వు సప్పుడు చెయ్యకుంట కూసుంటే, తెల్లారి ఇదంతా దున్నిపిస్తుండె గాయన,” అంది.

నిజమే. నేనిచ్చిన మందుకు ఆ పంట చావలేదు. ఆ ఒక్క నిమిషం నేను నోరు విప్పకపోతే చచ్చేది.