అడవిపందికి సరిపడ్డ తూటా

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎనభైల చివర్లో నా భార్యకి ఆస్ట్రేలియాలో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వెనకాలే నేనూ వెళ్లాను. మెల్‌బోర్న్ నుంచి కారులో రోజంతా పోతే వచ్చే ఊరది. దగ్గర్లో ఒక గొర్రెల ఫారంలో నాకు పని దొరికింది. దాని యజమానిని అందరూ బాస్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

అక్కడ గొర్రెలు చలికాలంలో ఈనుతాయి. ఆ ఏడాది ఒక పెద్ద మగ అడవిపంది పొద్దున్నే వాగులోంచి వచ్చి, అప్పుడే పుట్టిన పిల్లల్ని తినిపోతోంది. మా నాన్నతో పల్నాడు అడవుల్లో పందుల వేటకి తిరిగానని నేనే గొప్పలు చెప్పుకున్నాను. బాస్ నమ్మి గొర్రెలు ఈనే పొలం కాపలా నాకు అప్పజెప్పాడు. తన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కూడా ఇచ్చాడు. అప్పట్లో లైసెన్సు ఉంటే అలాంటివి వాడుకోనిచ్చేవాళ్లు. లైసెన్సు పరీక్షకి ప్రశ్నలన్నీ నా భార్య చదివి చెబితే బట్టీపట్టి గట్టెక్కాను.

మా నాన్నది నాటు తుపాకి. ఒకసారి మందు కూరితే ఒక్కటే దెబ్బ. ఈ రైఫిల్ అలా కాదు. ఒక తూటా పేలితే ఆ బలంతోనే ఖాళీ గొట్టం బయటికి ఎగిరిపడి, కొత్త తూటా దానంతటదే ఎక్కుతుంది.

తూటాల కోసం టౌన్లో తుపాకుల కొట్టుకి వెళ్లాను. కొట్టు ముసలాయన రెండు రకాలు బల్లమీద పెట్టాడు. ఒకదానికి మొన దగ్గర సీసం కనిపిస్తోంది. రెండోదానికి పైనంతా రాగి తొడుగే.

"సీసం మొనది లోపలికెళ్లి పువ్వులా విచ్చుకుంటుంది. రాగిది సూటిగా దూసుకుపోతుంది," అన్నాడు.

విచ్చుకుంటే మాంసం పాడవదూ? మా ఊళ్లో పంది పడితే వాటాలు పంచేవాళ్లు. మాంసం నుజ్జు చేసినవాణ్ణి ఆడవాళ్లు నెల రోజులు తిట్టేవాళ్లు. పైగా పొద్దున నా భార్య గట్టిగా చెప్పి పంపింది.

"ఏవండీ, సండేకి పంది కూర చేస్తానని హాస్పిటల్లో అందరికీ ప్రామిస్ చేశాను. జల్లెడ చేసి తేకండి!"

ఇంకేముంది, రాగివే తీసుకున్నాను.

మర్నాడు పంది వచ్చింది. మూడుసార్లు కాల్చాను. ఒకటి తొడకి తగిలింది. తూటా ఇటునుంచి అటు దూసుకుపోయింది, పంది మాత్రం పడలేదు. కుంటుకుంటూ వాగులోకి పారిపోయింది.

బాస్ రాగి తూటా చూసి ఎర్రబడ్డాడు. "నిన్ను కాపలా పెట్టింది గొర్రెపిల్లల కోసం మేట్, నీ కూర కోసం కాదు. దెబ్బతిన్న జంతువుని అలా వదిలేస్తే ఎలా? శనివారం లోపు దాన్ని పడగొట్టు. లేదంటే టౌన్ నుంచి వేటగాణ్ణి పిలుస్తా, నువ్వు షెడ్డు ఊడ్చుకుందువుగాని."

ఆ రాత్రి అన్నం సయించలేదు. చీపురు పట్టడం నాకు నామోషీ కాదు. కానీ వేట వచ్చని చెప్పినవాణ్ణి నేనే కదా.

తెల్లారి మళ్లీ కొట్టుకెళ్లి సీసం మొనవి రెండు రకాలు తెచ్చాను. మట్టిగట్టుకి అట్టముక్క ఆనించి కాల్చి చూశాను. మొద్దు మొన ఉన్న బరువైనవి రెండు పేలాయి. మూడోది ఎక్కేటప్పుడు మెత్తటి సీసం తుపాకి గొట్టం అంచుకి గీసుకుని ఇరుక్కుపోయింది. ఇంకో నాలుగు పెడితే మళ్లీ అదే గొడవ. కొంచెం తేలికైన రెండో రకానికి మొన సన్నం, బియ్యపుగింజంత సీసమే బయటికుంది. అవి పది కాలిస్తే పదీ గడగడా ఎక్కాయి. దెబ్బలన్నీ సాసరంత చోటులోనే పడ్డాయి.

పెట్టెల మీద ఇంగ్లీషు చదవడం నాకు రాదని నా భార్య పెన్ను తీసింది. ఒకదానిమీద తెలుగులో "మొండిది" అని, ఇంకోదానిమీద "మంచిది" అని రాసింది.

"కూర సంగతో?" అన్నాను.

"చికెన్ చేస్తాలెండి. ముందు మీ పరువు చూసుకోండి!"

శుక్రవారం తెల్లవారుజామున గాలి నా మొహానికి కొట్టేలా కంచె పక్కన పడుకున్నాను. వెలుగొచ్చాక పంది కుంటుతూ వచ్చింది. వెనక మట్టిగట్టు ఉండే చోటికి వచ్చేదాకా ఆగాను. ముందుకాలి వెనక గురి పెట్టి నొక్కాను.

ఒక్కటే దెబ్బ. మోకాళ్లు ముడుచుకుని ఉన్నచోటే కూలింది. రెండో తూటా ఎక్కి సిద్ధంగా ఉంది, దానితో పని పడలేదు. నేను పొలం మధ్యలో లేచి నిలబడి కేక పెట్టాను. గొర్రెలన్నీ బెదిరి నావైపే చూశాయి.

బాస్ బండి దిగి పందిని కాలితో కదిపాడు. "ఎన్ని?"

"వన్," అన్నాను వేలెత్తి.

నా భుజమ్మీద గట్టిగా చరిచాడు. వారం రోజులు నొప్పి పెట్టింది, అయినా హాయిగానే ఉంది. ఆ కాన్పుల్లో ఆ పొలంలోంచి ఇంకొక్క పిల్ల కూడా పోలేదు.

మరుసటి చలికాలం బాస్, నేను కలిసే కొట్టుకెళ్లాం. "ఏ రకం కావాలి?" అని ముసలాయన బాస్‌ని అడిగాడు.

బాస్ జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కకి జరిగాడు. "అతన్నడుగు. మా ఫారంలో తూటాలు ఎంచేది అతనే."

నేను ముందుకెళ్లి బీరువా అద్దం మీద వేలు పెట్టి, పై వరసలో సన్నమొనవి చూపించాను.